చెప్పి వెళ్లనివ్వండి

ఇంటర్ రెండో సంవత్సరం ఆఖరి పరీక్ష అయిపోయిన సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, ఆ పూట ఊళ్లో ఎన్ని ఇళ్లలో అబద్ధాలు చెల్లుబాటయ్యాయో తెలిసిపోతుంది. కంబైన్డ్ స్టడీ అని ఒకడు చెప్పి ఉంటాడు. ఫ్రెండ్ వాళ్ల అక్క పెళ్లని ఇంకొకడు. రికార్డులు తీసుకోడానికి కాలేజీకి రమ్మన్నారని మూడోవాడు. ముగ్గురూ ఒకే బండి మీద ఉంటారు. ఆ బండి ముగ్గురిలో ఎవరిదీ కాదు. హెల్మెట్ అంటూ ఉంటే అది ఒకడి మోచేతికి వేలాడుతూ ఉంటుంది.

వాళ్ల మీద నాకు కోపం లేదు. పదిహేడేళ్ల వయసులో, రెండేళ్ల చాకిరీ తీరిన రోజున, స్నేహితులతో కలిసి సముద్రం దగ్గరికి పోవాలనిపించకపోతేనే ఆ పిల్లాడికి ఏమైందో కనుక్కోవాలి. నా పేచీ ఆ అబద్ధాలు విన్న పెద్దవాళ్లతో. నిజం చెబితే వెళ్లనివ్వరని పిల్లలకి ఖాయంగా తెలిసేలా పెంచాం కాబట్టే వాళ్లు అబద్ధం చెప్పారు. ఆ అబద్ధమే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వస్తువని నా వాదన. అలల సంగతీ, మలుపుల సంగతీ దాని తర్వాతే.

ఎలాగంటారా? అబద్ధం చెప్పి వెళ్లినవాడికి తిరుగు ప్రయాణానికి గడువుంటుంది. కంబైన్డ్ స్టడీ ఏడింటికి అయిపోవాలి, పెళ్లి భోజనం తొమ్మిదికల్లా ముగియాలి. భీమిలిలో బాగా పొద్దుపోయిందని గమనించిన కుర్రాడు ఆ ఆలస్యాన్ని యాక్సిలరేటర్ మీద తీర్చుకుంటాడు. దారిలో టైరు పంచరైతే నాన్నకి ఫోన్ చెయ్యడు. స్నేహితుడు నీళ్లలో కనబడకుండా పోయినా మొదటి పావుగంట ఎవరికీ చెప్పరు, ముందు తామే వెతుకుతారు. పక్కనే ఉన్న జాలర్లకి కేకేస్తే పని జరిగేదేమో, కానీ కేకేస్తే పేరడుగుతారు, ఊరడుగుతారు, ఇంటికి కబురెళ్తుంది. ఆ పావుగంట ఖరీదు ఎంతో వేసవిలో జిల్లా ఎడిషన్ తిరగేసేవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

అసలు ఈ ప్రయాణానికి మన క్యాలెండర్‌లో చోటే లేదు. పరీక్షలు మార్చిలో అవుతాయి. ఏప్రిల్ మొదట్లో జేఈఈ మెయిన్ రెండో విడత. మే మొదటి ఆదివారం నీట్. ఆ నెలలోనే ఈఏపీసెట్, అడ్వాన్స్‌డ్. ఆఖరి పేపరు రాసి బయటికొచ్చిన పిల్లల కోసం గేటు దగ్గర షార్ట్ టర్మ్ కోచింగ్ బస్సు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంటుంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఈ ఊళ్లో రెండేళ్లు హాస్టల్లో ఉండి, ఔటింగ్ రోజున తప్ప సముద్రం మొహం చూడని పిల్లలు బోలెడంత మంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం మాత్రం చూసుంటారు. సెలవంటూ దొరకనివాళ్లు సెలవు దొంగతనం చేస్తారు. ఇందులో ఆశ్చర్యమేముంది?

ఇక ఆ బండి సంగతి. గేర్లున్న బండి నడపడానికి లైసెన్సు పద్దెనిమిది నిండితేనే. ఇంటర్ ముగించేనాటికి మన పిల్లల్లో చాలామందికి ఆ వయసు రాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తప్పు తల్లిదండ్రులదీ, బండి యజమానిదీ. పాతిక వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, కుర్రాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంత చట్టం ఉండగా, ఫస్ట్‌క్లాసొస్తే బుల్లెట్ కొంటానని మాటిచ్చే తండ్రులు నాకు వారానికొకరు తగులుతారు. మార్కుల కోసం చేసిన వాగ్దానం కదా, చట్టం దానికి అడ్డు రాదనుకుంటారు కాబోలు.

కాబట్టి నేను చెప్పేది బండి మీద ప్రయాణం గురించి కాదు. విశాఖ రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి 900కె బస్సుంది, సముద్రం పక్కనుంచే వెళ్తుంది. కుడివైపు కిటికీ దొరికితే అంతకన్నా ఏం కావాలి? ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర్నుంచి లెక్కేస్తే భీమిలి పాతిక కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. 1969లో నేవీలో చేరి, 2001లో పదవీ విరమణ చేసి, మరుసటేడు నుంచి ఒడ్డున మ్యూజియంగా కూర్చున్న సబ్‌మెరైన్ అది. కురుసుర దాటాక తెన్నేటి పార్కు. 2020 అక్టోబర్‌లో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ వాయుగుండం దెబ్బకి లంగరు తెంచుకుని అక్కడి రాళ్ల మీదికొచ్చి కూర్చుంటే, ఊరు ఊరంతా సెల్ఫీలకి కదిలింది. తర్వాత జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ. తొట్లకొండ దగ్గర దిగి పైకెక్కితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం పునాదులూ, వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లూ. ఆ భిక్షువులకి చోటు ఎంచుకోవడం తెలుసు. అంత ఎత్తు నుంచి చూస్తే సముద్రం ఎవరినీ ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. మంగమారిపేటలో ఆటు సమయానికి వెళ్తే అలలు తొలిచిన రాతి తోరణం కింద నిలబడొచ్చు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, నీరూ, సముద్రమట్టపు హెచ్చుతగ్గులూ వేల ఏళ్లపాటు పేర్చిన ఇసుక అది. జాతీయ భూవారసత్వ స్థలంగా 2014లో గుర్తింపొచ్చింది. సినిమావాళ్లు డాన్సు వెయ్యని గట్టు అక్కడ లేదు. దయచేసి వాటి మీద పేర్లు చెక్కకండి. వానకే కరిగిపోయే మట్టి, మీ ప్రేమను ఎంతకాలం మోస్తుంది!

భీమిలి చివరి స్టాపు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, దేశంలోనే పాత మున్సిపాలిటీల్లో ఒకటి. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌసు, గోస్తని వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఏప్రిల్‌లో వెళ్తే ముంజలు, ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు. జేబులో డబ్బులు మిగిలితే వేయించిన చేప. ఎవరి దగ్గరెంతుంది, ఎవరు ఎవరికెంత బాకీ, ఎండకి నడవలేనన్నవాడి కోసం ఎంతసేపు ఆగాలి, ఎక్కడ దిగాలి, ఎవరి మాట నెగ్గాలి అన్న తగాదాలన్నీ ఇక్కడే వస్తాయి. కాలేజీవాళ్లు తీసుకెళ్లే టూరులో ఇవేవీ రావు. అక్కడ లెక్చరరు విజిలేస్తే బస్సెక్కాలి. అందుకే టూరుకి పంపించాంగా అనే జవాబు నాకు నచ్చదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి.

ఇంటర్ ఫిజిక్సు చదివిన ప్రతి పిల్లాడూ నదీ పడవా లెక్క చేసి ఉంటాడు. నది ఇంత వేగంతో పారుతోంది, నిలకడ నీటిలో పడవ ఇంత వేగంతో పోగలదు, అతి తక్కువ సమయంలో అవతలి ఒడ్డు చేరాలంటే పడవని ఎటు తిప్పాలి? ప్రవాహానికి లంబంగా. కళ్లు మూసుకుని గళ్లు నింపుతారు. ఆ పిల్లాడినే తీసుకొచ్చి అలల్లో నిలబెట్టి, కాళ్ల కింద ఇసుక జారి నీరు లోపలికి లాక్కుపోతుంటే ఎటు ఈదుతావని అడగండి. ఒడ్డువైపు, అంటాడు. అంటే ప్రవాహానికి సరిగ్గా ఎదురు. పరీక్షలో సున్నా వచ్చే జవాబు. అక్కడ పోయేది మార్కులు కాదు.

అలలు ఒడ్డుకి తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడికి అది పోగై, సన్నటి ప్రవాహంగా సముద్రంలోకి పరుగెడుతుంది. రిప్ కరెంట్ అంటారు దీన్ని. జోరు మీదున్నప్పుడు సెకనుకి రెండు మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడికీ ఎదురీదడం కుదరదు. దీని అసలు మోసం పైకి కనిపించే తీరులో ఉంది. సందు ఉన్నచోట లోతెక్కువ కాబట్టి అలలు అక్కడ విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో నున్నగా, కాస్త నల్లగా, ప్రశాంతంగా ఉండే నీరు. అలలంటే భయపడే పిల్లలు సరిగ్గా దాన్నే ఎంచుకుని దిగుతారు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. ఎదురీది ఎదురీది ఒంట్లో సత్తువ అయిపోయినవాళ్లే మునిగిపోతారు. చెయ్యాల్సింది ముందు తేలడం, చెయ్యెత్తి ఊపడం, ఆ తర్వాత ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగడం. ప్రవాహం వెడల్పు తక్కువ, దాటితే అలలే వెనక్కి తోస్తాయి. లంబంగా అని పరీక్షలో రాసిన జవాబే ఇది. పాఠ్యపుస్తకంలో నది ఉన్నచోట రుషికొండ పెట్టి లెక్క ఇస్తే సిలబస్‌కొచ్చిన నష్టమేమిటో నాకర్థం కాదు.

ఇంకోటుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, ఇద్దరి కోసం మూడోవాడు. ప్రతి వేసవిలో ఈ వార్త ఊరి పేరు మార్చుకుని వస్తుంది. స్నేహం ఎంత గట్టిదైతే ప్రమాదం అంత పెద్దదయ్యే చోటు అది. ఈతలో శిక్షణ లేనివాడు దూకకూడదు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, గట్టి తాడు, ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది విసరాలి, లైఫ్‌గార్డునో జాలరినో పిలవాలి, 112కి చెయ్యాలి. స్నేహితుడు కళ్లముందు మునుగుతుంటే ఒడ్డున నిలబడి క్యాను విసరమనడం కఠినంగా వినిపిస్తుందని నాకు తెలుసు. అందుకే ఆ మాట ముందే, ఇంట్లో, నింపాదిగా ఉన్నప్పుడు చెప్పాలి. అబద్ధం ఆడి వెళ్లినవాడికి ఎవరు చెబుతారు? బీరు విషయం కూడా దాచడమెందుకు. మన రెండు రాష్ట్రాల్లోనూ మందుకి వయసు ఇరవై ఒకటి అని చట్టం అంటుంది, బీచ్ రోడ్డు వేరే మాట అంటుంది. తాగి నీళ్లలోకి దిగకూడదన్న ముక్క చెప్పాలంటే, వాడు తాగే అవకాశముందని ముందు మనం ఒప్పుకోవాలి. మన ఇళ్లలో అక్కడే ఆగిపోతుంది సంభాషణ.

చెప్పడానికి మనుషులు లేక కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజిన్ పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. సరిగ్గా ఎంట్రన్సులు అయిపోయి పిల్లలు సముద్రం వైపు చూసే రోజుల్లో, ఆ సముద్రాన్ని ఈ ఊళ్లో అందరికన్నా బాగా తెలిసిన మనుషులు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు. జాలరిపేట నుంచో, మంగమారిపేట నుంచో ఒక పెద్దాయన్ని కాలేజీకి పిలిచి, ఒక గంట మాట్లాడమని, గౌరవంగా డబ్బిచ్చి పంపితే ఎంతవుతుంది? సూటు వేసుకొచ్చి విజయానికి మెట్లు చెప్పే మోటివేషనల్ స్పీకర్లకి ఇచ్చేదాంట్లో పదో వంతు కాదు. ఆయన మెట్లు చెప్పడు. నీటి రంగు చూసి ఎక్కడ గుంట ఉందో ఎలా పసిగట్టాలో చెబుతాడు. ఆ పేటల్లోనూ ఇంటర్ ముగించే పిల్లలుంటారు. వాళ్లకి సముద్రం విహారం కాదు, నాన్న పనిచేసే చోటు. వాళ్ల పక్కన కూర్చుని రెండేళ్లు చదివిన అపార్ట్‌మెంటు పిల్లలు ఒక్కసారైనా ఈ విషయం అడిగి ఉంటారా అన్నది నా అనుమానం.

హైదరాబాద్ పిల్లల సంగతి వేరు. వాళ్లకి సముద్రం లేదు, గోవా ప్లానుంది. వాట్సాప్ గ్రూపులో పుట్టి వాట్సాప్ గ్రూపులోనే చచ్చిపోయే ప్లాను. దాని బదులు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బాపట్ల, అక్కణ్నుంచి పది కిలోమీటర్లు కూడా లేని సూర్యలంక. రాత్రంతా నిద్రకళ్లతో కారు నడుపుకుంటూ రావడం కంటే ఇదే నయం. తమాషా ఏమిటంటే, దేశంలోని తీరాలన్నిటికీ ఏ రోజు అలలెంత ఎత్తున లేస్తాయో లెక్కగట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో. సునామీ హెచ్చరికలొచ్చేదీ అక్కణ్నుంచే. ఎక్కడో దక్షిణ సముద్రంలో తుఫాను లేస్తే, ఆ ఉధృతి కొన్ని రోజుల తర్వాత, గాలీ మబ్బూ లేని పగటిపూట మన ఒడ్డుకి చేరుతుంది. ఆ సంగతీ ముందే చెబుతారు. క్రికెట్ స్కోరు చూసే ఫోన్లోనే అదీ చూడొచ్చు. చూడాలని పిల్లలకి చెప్పినవాళ్లే లేరు.

ఇలాంటి పిల్లల్ని ఇంకోచోట ఇంకోలా చూస్తారు. ఆస్ట్రేలియాలో పన్నెండో తరగతి అయిన పిల్లలు నవంబర్ ఆఖర్లో గుంపులు గుంపులుగా గోల్డ్ కోస్ట్ చేరతారు, స్కూలీస్ అంటారు దాన్ని. తాగుడుంది, అల్లరుంది, పత్రికల్లో ప్రతి ఏడూ తిట్లున్నాయి. కానీ క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం రావద్దనడం మానేసి, వచ్చేవాళ్ల కోసం ఏర్పాట్లు చేస్తుంది. 1997లో మొదలైన రెడ్ ఫ్రాగ్స్ అనే వాలంటీర్లు రాత్రిపూట పిల్లల్ని గదుల దాకా నడిపించి, మంచినీళ్లిచ్చి, ఆకలేస్తే పాన్‌కేకులు వేసిపెడతారు. ఆ సంబరమంతా మనకి కావాలని నేననను. ఎలాగూ వెళ్తారని పెద్దవాళ్లు ముందే ఒప్పేసుకున్నారు చూడండి, ఆ బుద్ధి కావాలి.

ఇంతవరకు పిల్లలు పిల్లలు అంటూ మీరూ నేనూ మగపిల్లల్నే ఊహించుకుంటూ వచ్చాం. ఆడపిల్ల అడిగితే మన ఇళ్లలో జవాబు తయారుగా ఉంటుంది. "పెళ్లయ్యాక మీ ఆయనతో వెళ్దువు గానీలేవే." అమ్మకి వాళ్లమ్మ చెప్పిన మాటే. ఆ మాట విన్న అమ్మల్లో ఎంతమందిని వాళ్లాయన తీసుకెళ్లాడో వాళ్లే చెప్పాలి. సినిమాలూ అంతే. విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన 1978 నాటి మరో చరిత్ర ఆ ఒడ్డుని ప్రేమికులకి రాసిచ్చేసింది. స్నేహితుల ప్రయాణం అనగానే గుర్తొచ్చే 2018 నాటి ఈ నగరానికి ఏమైంది నలుగురు మగపిల్లల కథ. నలుగురు అమ్మాయిలు ముంజలు తింటూ ఒడ్డున కూర్చుని, ఎవరూ ఎవరినీ ప్రేమించకుండా, ఎవరూ చనిపోకుండా సాయంత్రానికి ఇంటికొచ్చే సినిమా ఇంకా రావాలి.

భద్రత కదండీ, అంటారు. నిజమే, దాని గురించే మాట్లాడదాం. బీచ్‌లో నలుగురు అమ్మాయిలు కనబడితే ఎవడో ఒకడొచ్చి ఫోన్ కెమెరా తీస్తాడు. లేదంటే పెద్దమనిషి తరహాలో ఒక ప్రశ్న వేస్తాడు. "ఏమ్మా, ఇంట్లో తెలుసా?" ఆ ప్రశ్న వెనక బెదిరింపు ఉంటుంది. ఆ బెదిరింపుకి బలం ఇంట్లో తెలియకపోవడమే. ఫోటో పంపిస్తా, మీ నాన్నకి చెబుతా అన్న ప్రతివాడూ బతికేది మనం వేసిన ఈ చీకటి మీదే. తెలుసు, నాన్నతోనే మాట్లాడండి అని ఆ అమ్మాయి ఫోన్ చేతికిస్తే వాడికి ఇంకేం మిగుల్తుంది? కూతురి భద్రత కోసమే పంపడం లేదనుకునే తండ్రి, ఆమెను బెదిరించాలనుకునేవాడి చేతికి తనే ఆయుధం ఇస్తున్నాడు. మగపిల్లాడికి అబద్ధం వల్ల వేగం పెరుగుతుంది. ఆడపిల్లకి అబద్ధం వల్ల శత్రువులు పెరుగుతారు.

ప్రభుత్వం తన వంతు చేసింది, కనీసం టిక్కెట్టు వరకు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి. సిటీ బస్సులో ఆడవాళ్లకి చార్జీ లేదు. భీమిలి దాకా వెళ్లి రావడానికి అమ్మాయికి బస్సు ఖర్చు సున్నా. ఇక అడ్డం మన గుమ్మమే. గుడికీ, ఆస్పత్రికీ, కోచింగ్‌కీ ఆ బస్సెక్కితే సాధికారత, సముద్రం చూడ్డానికెక్కితే తిరుగుడా?

ఎంట్రన్సులు కానివ్వండి. ఆ తర్వాత ఒక రోజు, ఉదయం బస్సుకి పంపండి. ఎవరెవరు వెళ్తున్నారో, ఏ ఒడ్డుకో అడగండి, నిజం చెబుతారు, ఎందుకంటే అబద్ధంతో పనిలేదు. లైఫ్‌గార్డు లేనిచోట మోకాలు దాటి దిగొద్దని ఒక్కసారి చెప్పండి, పదిసార్లు చెబితే వినరు. చీకటిపడితే చింత లేదు, ఫోన్ చేస్తే నేనొచ్చి తీసుకెళ్తానని చెప్పండి, అన్నమాట ప్రకారం వెళ్లండి, వెళ్లినప్పుడు తిట్టకండి. అరగంటకోసారి వీడియో కాల్ చెయ్యకండి. ఒక టోపీ, రెండు సీసాల నీళ్లు, ఖర్చులకి కాస్త డబ్బు. అమ్మాయిలైతే ఆధార్ కార్డు పెట్టుకోవాలి, జీరో టిక్కెట్టు కొట్టేముందు కండక్టర్ అడుగుతారు.